కాపర్ లాంటర్న్ బిళ్ళ

జూదశాలలలో డబ్బుకు బదులుగా పందెం కాసే పాత బిళ్ళలను సేకరించేవారికి లాస్ వేగాస్‌లో ఏటా ఒక సంత జరుగుతుంది. ఆ మధ్యాహ్నం కూడా ఒక మోటెల్ హాలులో బల్లలు పరచి, మూతబడిన జూదశాలల బిళ్ళలను అద్దాల పెట్టెలలో పేర్చి, నడివయసు మగవారు భూతద్దాలతో వాటి అంచులను పరీక్షిస్తున్నారు. అంచు పదునుగా ఉండవలె. రంగు వెలిసిపోకూడదు. అన్నిటికంటె ముఖ్యంగా, అటువంటిది లోకంలో మరొకటి ఉండకూడదు.

వెల్డా మాడక్స్ వారి వంక చూడకుండా మెట్లెక్కింది. డెబ్బయికి దగ్గరపడిన ఆమె తన యౌవనమంతా ఈ ఊరి జూదపు బల్లల వద్ద నిలబడి పేకలు పంచిన మనిషి. నడుము వంగలేదు. కోపమూ చల్లారలేదు.

ఆ కోపం ఆమెకు తొమ్మిదవ యేట అంటుకొన్నది. తండ్రి ఆర్లిస్ కూడా పేక పంచే డీలరే, కాపర్ లాంటర్న్ అనే జూదశాలలో. బల్ల విడిచే ప్రతి డీలరూ చేతులు ఒక్కసారి తట్టి, అరచేతులు వెల్లకిల తిప్పి, ఏమీ దాచుకోలేదని చూపవలె. ఆర్లిస్ ఇంట్లో కూడా, భోజనానికి కూర్చునే ముందు అట్లాగే తట్టి, "నీ చేతులు చూపించమ్మా" అని కూతురిని నవ్వించేవాడు. జూదశాల మూతబడిన నాడు యజమాని, ఇంకా చెల్లుబాటు తీరని బిళ్ళలన్నింటినీ పక్కనే లేస్తున్న హోటలు పునాది గోతిలో పడవేసి, పైన సిమెంటు పోయించి రమ్మని అతడిని పంపాడు. ఆర్లిస్ తిరిగి రాలేదు. బిళ్ళలు గోతిలో పడనేలేదనీ, మూటగట్టుకొని పారిపోయాడనీ యజమాని చాటించాడు. బడిలో పిల్లలు మొదలుకొని చర్చిలో ముసలమ్మల వరకు ఆమెను దొంగ కూతురన్నారు. ఎవరి జేబులలోనో మిగిలిపోయిన కొద్దిపాటి బిళ్ళలకు, ఆ దొంగతనపు కథ వల్లనే నేడు కార్ల ఖరీదు పలుకుతున్నది.

అటువంటి బిళ్ళ ఒకటి తనకు దొరికిందని కబురు పంపిన వ్యాపారి డ్వేన్ ప్రూట్. అతడి గదిలో తెరలు దించి ఉన్నవి. బిళ్ళలు తుడిచే నూనె వాసన కొడుతున్నది. బయట ఎడారి గాలి ఇసుకను లేపుతున్నది.

"రండి, రండి, వెల్డమ్మా!" అంటూ అతడు వెనుకనే తలుపు గొలుసు బిగించాడు. లావుపాటి వేలికి గుర్రపు లాడం ఆకారపు ఉంగరం. "మహారాణిలా వచ్చారే! కాఫీ ఇమ్మంటారా?"

"నీ కాఫీకి రాలేదు. బిళ్ళ చూపించు."

"అబ్బో, ఏం కోపం! ఆ కోపంతోనే ఈ ఫోను ముందు ఒక్క ముక్క చెప్పండి. 'మా నాన్న పారిపోయే రోజు ఇది నా చేతిలో పెట్టాడు' అనండి చాలు. ధర మూడింతలు. అందులో సగం మీకు."

"మా నాన్నని నా నోటితోనే దొంగని చెయ్యమంటావు."

"ఊరంతా అనేదేగా! పోయినాయనకి ఇప్పుడు కొత్తగా నొప్పేస్తుందా?"

ఆమె చెయ్యి చాచింది. అతడు అందులో బిళ్ళను పెట్టాడు. రాగి రంగు బిళ్ళ. నడుమ లాంతరు బొమ్మ. అంచు నిన్ననే కోసినంత పదునుగా ఉన్నది. ఎవరి జేబులోనూ తిరిగిన బిళ్ళ కాదది. చుట్టూ ఉన్న సన్నని గాడిలో బూడిదరంగు పెళ్ళ ఒకటి అంటుకొని ఉన్నది. గోటితో గీకింది. రాలలేదు.

సిమెంటు.

"ఎన్నిసార్లు కడిగావు దీన్ని?"

డ్వేన్ నవ్వు సగంలో ఆగింది.

"మొన్న ఆ హోటల్ని పడగొట్టారు," అన్నది వెల్డా. "ఇది పునాదిలోంచి తీసింది కదరా?"

"నెమ్మదిగా… కింద వాళ్ళు వింటారు. ఆ పునాది దిమ్మెలో ఇంకా వందలున్నాయి. సంగతి పొక్కిందంటే దీన్ని గవ్వకి కూడా కొనరు. రేపు పొద్దున్నే ఆ దిమ్మెని శిథిలాల మైదానంలో యంత్రంలో వేసి పిండి కొట్టించేస్తున్నా."

"బిళ్ళలు గోతిలోనే ఉంటే మా నాన్న దొంగ కాడు. ఆ సంగతి నీకు తెలుసు."

అతడు ఉంగరం తిప్పుకొన్నాడు. "తెలుసు. దీన్ని నాకు అమ్మిన కూల్చివేత పనివాడు ఇంకేదో కూడా చెప్పాడు… దిమ్మెలో బూటులాంటిది కనిపించిందని. నేను తరిచి అడగలేదు. అడిగితే నాకేం లాభం?"

అరవై ఏండ్ల కోపంతో వెల్డా అతడి చెంప పగులగొట్టాలని చెయ్యెత్తింది. డ్వేన్ చటుక్కున బిళ్ళను లాక్కొని, కుర్చీలో కూలబడి, పిడికిలి బిగించాడు.

అప్పుడే దుమ్ము కిటికీని కప్పివేసింది. దీపాలు పోయినవి. గది పగలే నల్లబడింది. ఏసీ గురగురలాడి నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దంలో నూనె వాసన మెల్లగా వెనుకకు తగ్గి, మరొక వాసన లేచింది. తడిసిన సున్నం. చల్లని, లోతైన గొయ్యి.

టప్.

ఎవరో చేతులు తట్టారు. ఒక్కసారి.

"వెల్డమ్మా… మీరేనా? ఆటలొద్దు."

"నేను కాదు."

టప్. ఈసారి కుర్చీకి దగ్గరగా. దాని వెంట గుసగుస… గొంతునిండా మట్టి ఉన్నట్లు.

"చేతులు… చూపించు…"

 ఆ మాటను వెల్డా చిన్ననాడు అన్నం పళ్ళెం ముందు విన్నది. అప్పుడందులో నవ్వుండేది. ఇప్పుడు లేదు.

"వదిలెయ్యి డ్వేనూ. ఆ బిళ్ళ వదిలెయ్యి."

"నాది… ఒక్కటే ఉండాలి… ఒక్కటే…" అతడి మాట ముద్దకట్టింది. "అమ్మా… పిడికిలి… తెరుచుకోవడం లేదు…"

చిక్కనిదేదో పోస్తున్న చప్పుడు. మెల్లగా… ఆగకుండా… కుర్చీ ఒకసారి కిర్రుమన్నది. ఆపైన ఏమీ లేదు.

దీపాలు వెలిగినవి. కుర్చీ ఖాళీగా ఉన్నది. తలుపు గొలుసు వేసినది వేసినట్లే ఉన్నది. నేలమీద బూడిదరంగు మడుగొకటి, ఆమె చూస్తుండగానే గట్టిపడింది.

మరునాడు తెల్లవారకముందే వెల్డా పోలీసులను వెంటబెట్టుకొని శిథిలాలు పోసే మైదానానికి వెళ్ళి, యంత్రానికి అడ్డంగా నిలబడింది. దిమ్మెను సగానికి చీల్చారు. లోపల మనిషంత బోలు. అందులో ఎముకలు, ఒక బూటు. చుట్టూ వందల కొద్దీ రాగిరంగు బిళ్ళలు. రెండు చేతులూ వెల్లకిల తెరిచి ఉన్నవి. వాటిలో ఏమీ లేదు.

"చూడండి!" వెల్డా గొంతు మైదానమంతా మ్రోగింది. "అరవై ఏళ్ళు దొంగన్నారు కదరా! ఆ చేతులు చూడండి! కళ్ళు తెరిచి చూడండి!"

 ముసలి పోలీసు అధికారి ఒకడు టోపీ తీసి, వంగి, చీలిన సిమెంటు మీది దుమ్ము తుడిచాడు.

"అమ్మా… మీ నాన్నగారి చేతులు రెండూ ఇక్కడే ఉన్నాయి. మరి ఈ మూడోది ఎవరిది?"

అరవై ఏండ్ల నాటి సిమెంటులో ఒక పిడికిలి అచ్చు. బిగించిన వేళ్ళు. వాటిలో ఒకదాని మీద గుర్రపు లాడం గుర్తు.

చీల్చని మిగతా సగంలో, లోపలెక్కడో… టక్. టక్. అధికారి వినలేదు. ఆమె విన్నది.

"ఈ సగం కూడా పగలగొట్టమంటారా?"

 వెల్డా, బల్ల విడిచే డీలరు వలె చేతులు ఒక్కసారి తట్టి, అరచేతులు వెల్లకిల తిప్పి అతడికి చూపింది.

"నా పని అయిపోయింది, బాబూ."

అధికారి ఆ చేతుల వైపే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. అవి ఖాళీగానే ఉన్నవి. కాని వాటి గీతలనిండా తడి సిమెంటు మెరుస్తున్నది.