పర్మిషన్ అక్కర్లేని గోడ

"ఆ గోడ వెనక రసాయన ఆయుధాలకి ముడిసరుకు తయారవుతోంది. అది దేశం దాటకూడదు," అన్నాడు చీఫ్ సువర్ణరాజు.

విజయవాడలో ఒక జ్యూస్ షాపు మేడ మీద, కిటికీలన్నీ మూసిన గది. స్క్రీన్ మీద శాటిలైట్ ఫోటో. ఆగిరిపల్లి దగ్గర మామిడి తోటల మధ్య నాలుగు షెడ్లు, వాటి చుట్టూ ఎత్తయిన గోడ.

"ఎవరు సార్ నడిపేది?" ఏజెంట్ జయకర్ అడిగాడు.

"కోల్. వాడు ఏ దేశంవాడో ఏ దేశమూ ఒప్పుకోదు. మామిడి గుజ్జు గోడౌన్లని చెప్పి కట్టాడు."

"అనుమతులు?"

"అక్కర్లేదు." చీఫ్ మొహం ముడుచుకుంది. "ఇరవై వేల చదరపు మీటర్ల లోపు కట్టడానికి పర్యావరణ అనుమతి అవసరం లేదు. వాడు ఒక్కో షెడ్డూ ఒక్కో కంపెనీ పేరు మీద కట్టి, దేనికది ఆ హద్దుకి కాస్త ఇవతలే ఆపాడు. ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. ఎవడూ లోపలికి తొంగి చూడలేదు."

"రైడ్ చేద్దాం."

"సాక్ష్యం లేకుండా వెళ్తే వాడి లాయర్లు మనల్ని ఉతికి ఆరేస్తారు. లోపల మన మనిషి ఉంది. 'రసాలు పండాయా' అని అడుగుతుంది. 'ఇంకా తొడిమ వదల్లేదు' అని చెప్పు."

ఆ వైపు తోటల వాళ్ళు కాయని చెట్టు మీదుండగానే అమ్మేస్తారు. కొన్నవాడు కోత అయ్యేదాకా తోటలోనే పాక వేసుకుని ఉంటాడు. ఎవరో కొత్త మనిషి రోజల్లా చెట్టెక్కి నలుదిక్కులా చూస్తున్నా ఎందుకని అడిగే నాథుడుండడు. గూఢచారికి ఇంతకన్నా మంచి కవర్ ఏ డిపార్ట్‌మెంటూ కనిపెట్టలేదు. జయకర్ గోడ పక్కనున్న మగ్దలేనమ్మ తోటలో కాపు కొన్న వ్యాపారిగా దిగాడు. కళ్ళజోడులో కెమెరా, జేబులో, నీళ్ళలో విషముంటే ఎర్రబడే పెన్ను. అన్నీ ఉన్నాయి, కాయ కొయ్యడం ఒక్కటే రాదు. మొదటి రోజే సొన పడి చెంప కాలింది.

"తొడిమ ఉంచి కొయ్యాలి బాబూ. సొన తగిల్తే తోలూడిపోద్ది," అంది మగ్దలేనమ్మ కొబ్బరి నూనె ఇస్తూ. చిక్కం పట్టడం కూడా ఆవిడే నేర్పింది. పొడుగాటి వెదురు గెడ, చివర వల సంచి, సంచి మూతి దగ్గర చిన్న కత్తి. "కాయ నేల తాకకూడదు. తాకిందంటే కుళ్ళిపోయినట్టే."

తర్వాత గోడ వైపు చూస్తూ అడిగింది. "మీరు నాలుగూళ్ళు తిరిగేవోళ్ళు. దీని సంగతి ఎవరికి చెప్పుకోవాలండీ? మా బోరు నీళ్ళు వాసనొస్తన్నాయి. ఆ వరసలో చెట్లు పిందె నిలబెట్టట్లేదు. ఆఫీసుకెళ్తే, వాటికి పర్మిషనే అక్కర్లేదు, ఇంక తప్పేముందమ్మా అన్నారు."

ఆ నీళ్ళలో ముంచిన పెన్ను ఎర్రబడింది. ఆ నీళ్ళతోనే ఆవిడ పొద్దున టీ కాచి ఇచ్చింది.

"నేను చూసుకుంటానండీ," అన్నాడు. ఏజెంట్ ఎవరికీ మాటివ్వకూడదని ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్తారు. అయినా ఇచ్చేశాడు.

మర్నాడు తెల్ల కారొకటి తోట ముందు ఆగింది. నల్ల కళ్ళజోడు, నెమలికంఠం రంగు చీర, మట్టిలో దిగబడే హైహీల్స్. కోల్‌కి పర్యావరణ కన్సల్టెంట్ ఉదయశ్రీ. గోడ మీంచి వాచ్‌మన్ ఆమెనే చూస్తున్నాడు.

"రసాలు పండాయా?"

"ఇంకా తొడిమ వదల్లేదు."

ఆమె ఒక కాయ ఎత్తి వాసన చూసింది. "రేపు పొద్దున ఆఖరి లోడు. రైడ్ వస్తుందని కోల్‌కి అనుమానం. వస్తే రసాయనాల ట్యాంకంతా గోడ లోపలి పాత బోరులోకి వదిలేస్తాడు. వాల్వు కంట్రోల్ వాడి ఫోన్‌లో ఉంది."

"మరి కిందనున్న నీళ్ళు?"

"సాక్ష్యంతోపాటే పోతాయి." కాయ వెనక్కిచ్చి వెళ్ళిపోయింది.

ఆ రాత్రే జయకర్ బోరు నీళ్ళ సాక్ష్యం, లోడు కబురు చీఫ్‌కి పంపాడు. తెల్లారగానే కమాండోల జీపులు సైరన్ వేసుకుంటూ వచ్చాయి. రహస్య దాడికి సైరన్ ఎందుకో జయకర్‌కి అర్థం కాలేదు. అతను గోడ పక్క చెట్టు మీదున్నాడు. పిస్టల్ పాకలో, బియ్యం డబ్బాలో ఉంది. సరిగ్గా గోడ అవతలే నిలబడి కోల్ ఫోన్ పైకెత్తి, పాత బోరు వైపు చూస్తూ బొటనవేలు వంచాడు.

జయకర్ చేతిలో ఉన్నది చిక్కమే. గెడని గోడ మీంచి చాచాడు. వల ఫోన్ కిందకి చేరింది. కత్తి బొటనవేలికి తగిలింది. కోల్ పట్టు వదిలాడు. ఫోన్ సంచిలో పడింది. నేల తాకలేదు.

"ఇప్పుడు కుదిరింది బాబూ," అంది కింద నుంచి మగ్దలేనమ్మ.

కోల్‌ని బేడీలేసి తీసుకెళ్ళాక జయకర్ లోపలికి నడిచాడు. సువర్ణరాజు ట్యాంకుని ముద్దుగా తడుతున్నాడు.

"దీన్ని ఎప్పుడు ఖాళీ చేయిస్తారు సార్?"

"ఎందుకు? బంగారంలాంటి ప్లాంటు. ఇక మనమే నడుపుతాం."

"ఆ బోరు నీళ్ళు మనుషులు తాగుతున్నారు సార్. నాలుగు షెడ్లూ కలిపితే హద్దు దాటుతుంది. ఊరిని పిలవాలి, అడగాలి..."

"దేశ రక్షణ ప్రాజెక్టు. ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు," అంది వెనక నుంచి ఉదయశ్రీ. "వివరాలు బయటపెట్టనక్కర్లేదు."

"అసలు నువ్వెవరి మనిషివి?"

"మినహాయింపులు తెలిసిన మనిషిని. నిన్నటిదాకా కోల్‌కి చెప్పాను. ఇవాళ్టి నుంచి మీకు."

జయకర్ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ గొంతు తగ్గించాడు. "రహస్యం కాపాడతానని సంతకం పెట్టావు. గుర్తుందిగా?"

గుర్తుంది. దేశం కోసం చచ్చిపోవడానికి కూడా సిద్ధపడి పెట్టిన సంతకం. ఇలా నోరు కట్టేసుకోవడానికి అని అప్పుడు తెలియదు. ఏడుపొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తేలలేదు.

తోటలో మగ్దలేనమ్మ బిందె పట్టుకుని ఎదురొచ్చింది. "వాళ్ళు పోయారుగా. ఇంక నీళ్ళు బాగవుతాయాండీ?"

"కొన్నాళ్ళు ఆ నీళ్ళు తాగకండమ్మా."

"ఎన్నాళ్ళు?"

గోడకి కొత్త బోర్డు బిగిస్తున్నారు. ఆవిడ అటు చూసింది, ఇతన్ని చూసింది.

"ఈ కొత్తోళ్ళెవరండీ? ఈళ్ళనన్నా అడుగుదాం."

"నాకు తెలీదండీ," అన్నాడు జయకర్. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చెప్పిన అబద్ధాల్లో ఇదొక్కటే నేల చూస్తూ చెప్పింది.

ఆవిడ చెట్టుకి మిగిలిన చిన్న రసాలు బుట్టలో పోసి, సాయం చేశాడని, వద్దన్నా వినకుండా అతని బండికి కట్టింది.

ఊరు దాటాక మార్కెట్ యార్డు చెక్‌పోస్టు దగ్గర గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. బుట్ట మీది గోనెపట్టా ఎత్తి చూసి, మామిడిపళ్ళు తీసుకెళ్ళడానికి పర్మిట్ ఉందా అని అడిగాడు.