మోరీ మలుపులో ఎడమ అద్దం

పాకాల నుంచి దామలచెరువు పోయే పాత రోడ్డులో మోరీ మలుపంటే పగలు ఎవడూ లెక్కచెయ్యడు. చిన్న కల్వర్టు, రెండు గానుగ చెట్లు – అంతే. పొద్దు గూకితే మాత్రం బండి మీద ఒంటరిగా పోయేవాడు గుండె చిక్కబట్టుకుని పోవాల్సిందే. అక్కడ వెనక చక్రం బరువెక్కుతుందట... ఎవరో ఎక్కి కూర్చున్నట్టు. తోలేవాడికి ఏమీ కనపడదు. వెనక వచ్చేవాళ్లకే కనపడుతుంది – ఆకుపచ్చ చీర కట్టుకుని, ఒక పక్కకు తిరిగి కూర్చున్న ఆడమనిషి.

"తిరిగి సూడొద్దు. తిరిగితే ఉండదు," అంటారు చూసినవాళ్లు. చూడనివాళ్లు ఇంకా గట్టిగా అంటారు, లోకం తీరే అంత.

ఆ ఆడమనిషి ఎవరో ఊరందరికీ తెలుసు. ఆదిమూలం భార్య జ్ఞానాంబ.

పోయిన మామిడికాయల కాలంలో మొగుడూ పెళ్లాలిద్దరూ పాత రాజ్‌దూత్ మీద ఒక పెళ్లి నుంచి రాత్రిపూట తిరిగొస్తున్నారు. ఆదిమూలం మాటల పుట్ట. పెళ్లిలో నీళ్ల సాంబారు గురించి, పెళ్లికొడుకు మీసాల గురించి దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు. ఆమె ఊ కొట్టకపోతే అలిగిందనుకున్నాడు. ఇంటి ముందు బండి ఆపి, "దిగు మే," అన్నాడు... వెనక ఎవరూ లేరు.

వెతుక్కుంటూ వెనక్కి పోతే మోరీ మలుపులో దొరికింది. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది.

"పడతానే పోయిందప్పా. నొప్పి కూడా తెలిసుండదు," అని అందరూ ఓదార్చారు. ఆ మాట ఆదిమూలానికి గొంతు దిగలేదు. పడేటప్పుడు తనను పిలిచిందేమో! తన సోదిలో తనకే వినపడలేదేమో! ఆ ఒక్కటి ఆమె నోటితో చెబితే చాలు. అన్నం సయించని మనిషికి ఇంకేం కావాలి?

ఎన్నో సాయంత్రాలు ఆ మలుపుకు పోయాడు. ఊరందరికీ కనపడే పెళ్లాం తాళి కట్టినవాడికే కనపడలేదు. తిరగకుండా వెనక్కి చూడాలంటే ఒకటే దారి – అద్దాలు. అదురుతున్నాయని, బండికి కొమ్ములు మొలిచినట్టున్నాయని, ఎప్పుడో తనే వాటిని ఊడబీకించాడు.

మెకానిక్ ప్రేమానందం ఆ పాత బండికి సరిపడే పొడుగు కడ్డీలు వెతికి తెచ్చాడు. కింద రబ్బరు వాషర్లు వేసి, వెడల్పాటి గుండ్రటి అద్దాలు బిగించాడు. స్టార్టు చేసి చూశాడు. బండి అదిరినా అద్దం అదరలేదు.

"నీ బుజం కనపడకూడదన్నా, రోడ్డు కనపడాల," అన్నాడు.

"కుడిది రోడ్డుకే పెట్టు. ఎడమది మాత్రం... ఎనక సీటు మీదికి తిప్పు."

ప్రేమానందం చెయ్యి ఆగింది. "ఎందుకన్నా ఉన్న పాణాన్ని ఉసూరు పెట్టుకుంటావు," అని గొణిగి, తిప్పి పెట్టాడు.

ఆ సాయంత్రమే ఆదిమూలం బయల్దేరాడు. మలుపు దగ్గరకు వచ్చేసరికి చీకటి పడింది. గానుగ చెట్ల కింద... వెనక చక్రం కిందికి అణిగింది. నిజంగానే ఎవరో ఎక్కారు!

ఎడమ అద్దంలోకి చూశాడు. వెనక వస్తున్న టమోటాల ఆటో వెలుగు సీటు మీద పడుతోంది. సీటు ఖాళీ.

"మే..." అన్నాడు గుసగుసగా. "ఒక్కసారి కనపడు మే."

ఆటో హారన్ కొట్టింది. పక్కకు తప్పుకున్నాడు. అది దాటిపోలేదు. మళ్లీ హారన్... మళ్లీ... ఆదిమూలానికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి కూడా ఎవడో ఇట్లాగే కొట్టాడు! తొందరెక్కువ నాకొడుకని తిట్టి, మళ్లీ మాటల్లో పడిపోయాడు తను.

ఆటో డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "ఆయమ్మ తూగతా ఉండాదప్పా! పట్టుకో!"

ఎడమ చెయ్యి వెనక్కి చాచాడు. చేతికి గాలి తప్ప ఏమీ తగల్లేదు. చూపంతా ఎడమ అద్దంలోనే ఉంది – ముందున్న గుంత చూసుకోలేదు. బండి ఎగిరి పడింది. వెనకాల... బరువు పోయింది.

కుడి అద్దంలో ఆటో కీచుమని ఆగింది. డ్రైవరు కిందికి దూకి, రోడ్డు మీద మోకాళ్లూని, ఏదో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆదిమూలం బండి పడేసి పరిగెత్తాడు. పోయేసరికి ఆ వెలుగులో డ్రైవరు ఒక్కడే, తన ఖాళీ చేతులు చూసుకుంటున్నాడు.

"ఈడే ఉన్నిందప్పా... నా ఒళ్లోనే... పాణంతోనే ఉన్నింది," అన్నాడు. "నీళ్లడిగింది. మా ఆయన ఎనక్కి వస్తా ఉండాడా, వస్తా ఉండాడా అని... అడగతానే ఉన్నింది."