ఎడమవైపు చిగుళ్లు

"డాక్టోరా, ఈసారి కూడా ఎక్కువేనా?"

జోవెన్ గొంతులో దిగులు లేదు. పైగా సంబరం.

"ఎక్కువే. మూడోవారం కూడా! అందులో నవ్వడానికేముంది?" అని మారివిక్ కసిరింది.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరపు దంత కళాశాలలో ఆమెది చివరి ఏడాది. కృత్రిమంగా అమర్చిన పన్ను చుట్టూ, పక్కనున్న సొంత పన్ను చుట్టూ చిగుళ్లలో, వాపుంటే పెరిగే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో కొలిచి పోల్చడమే ఆమె డిగ్రీ పరిశోధన. అందుకు ఇరవైమంది కావాలి. ఇరవయ్యోవాడు ఈ నూడుల్స్ కొట్టు జోవెన్. బాస్కెట్‌బాల్‌లో ఎవరి మోచేయో తగిలి ఎడమవైపు పన్ను పోగొట్టుకుని, కొత్తది పెట్టించుకున్నాడు.

ఎంజైమ్ మామూలుగా ఉంటే ఒక్కసారితో సెలవు. ఎక్కువుంటే వారం వారం రావాలి. జోవెన్ వస్తూనే ఉన్నాడు, అరిటాకులో చుట్టిన తీపి అన్నంతో సహా.

తన కొలతల్లోనే తప్పుందేమోనని మారివిక్ హడలిపోయింది. నాలుగోవారం అనుమానం వచ్చి కుడివైపు చిగుళ్లు కూడా చూసింది. అక్కడ అంతా నిక్షేపంలా ఉంది. ఎడమవైపు మాత్రం అమర్చిన పన్ను దగ్గరా వాపే, సొంత పన్ను దగ్గరా వాపే.

"జోవెన్, నీ బ్రష్ ఎడమవైపు తిరగదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తగ్గిపోతే మీరు మళ్లీ పిలవరు కదా!"

"పన్ను ఊడిపోతే?"

"ఇంకోటి పెట్టించుకుంటా. ఇంకో ఏడాది రావచ్చు."

నవ్వు కనబడకుండా ఆమె మాస్కు పైకి లాక్కుంది. జాబితాలో అతని పేరు మాత్రం కొట్టేసింది.

"అయ్యో, అదేంటి?"

"దొంగ చిగుళ్లు నాకొద్దు. ఇక పంతొమ్మిదిమందే. శుక్రవారంలోగా ఇంకొకరు దొరక్కపోతే నా డిగ్రీ ఆర్నెల్లు వెనక్కి. సంతోషమేగా?"

జోవెన్ మొహం వాడిపోయింది. గబగబా బయటికి వెళ్లిపోయాడు.

గురువారం వాళ్లమ్మ కొరాసోన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెకు నిరుడు ఇక్కడే పన్ను పెట్టారు.

"ఇరవయ్యోదాన్ని నేను, డాక్టోరా. ఈ వెధవ చేత దగ్గర నిలబడి రెండువైపులా తోమించాను," అంటూ కుర్చీలో కూర్చుంది.

మారివిక్ ఆమె చిగుళ్ల అంచున తడి పీల్చే సన్న కాగితం పెట్టింది. "ముప్పై సెకన్లు. కదలొద్దు, మాట్లాడొద్దు."

అమ్మ నోరు కట్టడిలో పడేసరికి జోవెన్‌కు ధైర్యం వచ్చింది.

"నేనిప్పుడు మీ పేషెంటును కాను కదా. ఆదివారం మా కొట్టుకి వస్తారా?"

మారివిక్ చూపు గడియారం మీంచి కదల్లేదు. "వస్తా."

కొరాసోన్ నోరు తెరుచుకునే రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది.