పరగడుపు అంకెలు

పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చేసరికి భార్య చేతిలో మళ్ళీ ఆ షుగర్ మెషీన్. వెల్డింగ్ మేస్త్రికి ఒళ్ళు మండింది.

"ఏవండీ, ఒక్క చుక్క. ఇవాళ ఆసుపత్రిలో షుగర్ క్లాసు. పుస్తకంలో పరగడుపు అంకె లేకపోతే నర్సమ్మ కూర్చోనివ్వదు."

"కూర్చోనివ్వకపోతే పీడా పోయె! ఐదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఈ వయసులో మళ్ళీ బెంచీ ఎక్కించావు, అది చాల్లే. ఏదో ఒక అంకె వేసెయ్."

రోజూ జరిగే భాగోతమే. నిప్పురవ్వల మధ్య బతికే మనిషి, సూది కనబడితే చాలు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఆవిడ మెషీన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఏడు వారాలుగా ఇదే తంతు.

ఆసుపత్రి వెనక గదిలో షుగర్ ఉన్నవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ పక్కపక్కన కూర్చున్నారు. నర్సమ్మ పుస్తకం తిరగేసింది. నూట డెబ్బై, నూట ఎనభై, నూట డెబ్బై ఐదు.

"మూడొందల నుంచి బాగానే దించారే మేస్త్రి గారూ! ఇంకా ఏమీ తినలేదుగా? ఏదీ, నా ముందు ఒకసారి చూద్దాం."

పదిమందిలో కాదనలేక వేలు చాపాడు. మూడు వందల పన్నెండు.

"మరి పొద్దున నూట డెబ్బై ఐదు అని ఉందేంటి?"

మేస్త్రి భార్య వైపు కొరకొరా చూశాడు. "చెప్పవేం? రాసింది నువ్వేగా! నలుగురిలో పరువు తీశావు."

ఆవిడ తలెత్తలేదు. "మీరే ఏదో ఒకటి వెయ్యమన్నారు. ఉత్తుత్తి అంకె వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకని... నా వేలే పొడుచుకుని, వచ్చింది రాశాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు.

"ఇవన్నీ నీవేనా అమ్మా? పరగడుపునే చూశావా?"

"అవును. ఆయనకి మూడొందలు కదా, నాది మంచిదేగా?"

"కాదమ్మా. అంత ఉండకూడదు. నీకూ షుగర్ ఉన్నట్టే ఉంది. ఇవాళే డాక్టరు గారికి చూపిద్దాం."

ఏడు వారాలుగా ఆవిడ జబ్బు మేస్త్రి పేరున్న పుస్తకంలోనే కూర్చుని ఉంది. తను ఒక్క పేజీ తిప్పిన పాపాన పోలేదు. భార్య చెయ్యి అందుకుని చూశాడు. వేళ్ళ కొసలన్నీ నల్లటి చుక్కలు.

"నొప్పి పుట్టలేదటే?" అడిగాడు.

"పుట్టింది. చెబితే ఏం చేసేవారు? అరిచేవారు."

అతను నర్సమ్మ వైపు తిరిగాడు.

"ఆ సూది ఎలా వాడాలో నాకు నేర్పమ్మా. రేపట్నుంచి ఇద్దరిదీ నేనే చూస్తాను."

"మీరా? సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి మీకు," అంది భార్య, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"తిరగనీ. పడిపోకుండా నువ్వు పట్టుకుందువుగాని."