కాస్త గట్టిగా చెప్పండి

"రేపు నువ్వు రాకపోతేనే మంచిదమ్మా."

కూతురు ఆ మాట అనేసి, తల వంచుకుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. తల్లి మంచినీళ్ల గ్లాసుతో అలాగే నిలబడిపోయింది...

ఇద్దరిదీ ఒకే కాలేజీ. కూతురిది డిగ్రీ. తల్లిది కళ్లు పరీక్ష చేసి అద్దాలు అమర్చే కోర్సు. ఇద్దరికీ ఇదే ఆఖరి సంవత్సరం. రేపు కాలేజీలో జాబ్ మేళా ఉందని, ఈ ఉదయం హాల్లో ఒక్కొక్కరినీ లేపి "మీ గురించి చెప్పండి" అని మాట్లాడించారు. ఆమె లేచి చెప్పింది. "కాస్త గట్టిగా చెప్పండి" అన్నారు మేడమ్. మళ్లీ చెప్పింది. "ఆంటీకి మైకు ఇవ్వండి మేడమ్" అన్నారెవరో వెనక నుంచి. హాలంతా గొల్లున నవ్వింది. కూతురు మాత్రం నవ్వలేదు, నిజమే. కానీ తల్లి ఎవరో తెలియనట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. తల్లి మనసు చివుక్కుమంది.

గొంతు ఏమైందని అడిగితే ఆమె ఏం చెబుతుంది? భర్తది రొట్టెల ఫ్యాక్టరీలో పని. రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. కాపురానికొచ్చిన నాటి నుంచీ పగటిపూట ఆమె గుసగుసలతోనే నెట్టుకొచ్చింది. గిన్నెల కింద గుడ్డ వేసింది. కాలింగ్ బెల్ తీగ పీకేసింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పసిపిల్ల ఏడిస్తే ఎండనక వాననక వీధి చివరిదాకా ఎత్తుకెళ్లి ఊరుకోబెట్టింది. సాయంత్రం ఆయన లేచేసరికి, చెప్పాలనుకున్నవన్నీ పాతబడిపోయేవి. పోట్లాడుకోవడానికైనా ఇద్దరూ కాసేపు కలిసి మెలకువగా ఉండాలి కదా!

"నీకు నామోషీ అయితే నేను విడిగా వస్తాలే" అంది మెల్లగా.

"అది కాదమ్మా. అక్కడ ఎంత గోలగా ఉంటుందో తెలుసా? నీ మాట ఎవరికీ వినపడదు. మళ్లీ నవ్వుతారు... నేను చూడలేను."

ఆమె వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. కుళాయి పూర్తిగా తిప్పింది. "నమస్కారమండీ. నాకు కళ్లు పరీక్ష చేయడం వచ్చు" అంది గోడతో. కుళాయి చప్పుడు కింద ఆ మాట ఆమెకే వినపడలేదు. ఈ ఇంట్లో తన మాట కోసం ఎదురు చూసేవాళ్లెవరని...? దుఃఖం పొంగుకొచ్చింది. ఏడుపు కూడా చప్పుడు లేకుండానే ఏడ్చింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో భర్త.

"కుళాయి కట్టేస్తానండీ, మీరు పడుకోండి" అంది కంగారుగా.

"ఎక్కడ పడుకునేది? ఫ్యాక్టరీలో రాత్రంతా మిషన్ల మోత. ఇక్కడికొస్తే చీమ చిటుక్కుమనదు. నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో కూడా తెలియదు. నీ అలికిడి కోసం చెవులు రిక్కించుకుని పడుకుంటా, అంతే."

ఆమె నిర్ఘాంతపోయింది. "మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నీకు మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకున్నాను."

ఇన్నేళ్లూ గోడకు ఆ వైపు ఆయనా, ఈ వైపు తనూ... ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన కుళాయి కట్టేసి, గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుని, అక్కణ్నుంచే అన్నాడు. "తలుపు సందులోంచి చూశాలే. ఇందాక గోడకి చెప్పిందేదో నాకు చెప్పు."

"నమస్కారమండీ..."

"వినపడలేదు."

"నమస్కారమండీ. నాకు కళ్లు..."

"వినపడలేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. నోటికి అడ్డం వెళ్లబోయిన చేతిని కిందికి దించింది. "నమస్కారమండీ! నాకు కళ్లు పరీక్ష చేయడం వచ్చు!"

గొంతు బొంగురుగా, చివర్లో కాస్త జీరగా వచ్చింది. ముందు గదిలోంచి ఒంటికాలి బూటుతోనే పరుగెత్తుకొచ్చింది కూతురు. తల్లి వైపు చూసింది. ఆ పిల్ల కళ్లు నిండిపోయాయి.

"నాకు వినపడిందమ్మా. రేపు ఇద్దరం కలిసే వెళ్దాం."

"ఇంకోసారి" అన్నాడు ఆయన లోపల్నుంచి.