లిఫ్ట్ ఆగినా ఆగని అదురు

"మీ లిఫ్ట్ నా బతుకు బుగ్గి చేస్తోందండీ!"

వారం రోజుల మరమ్మతుకు వచ్చిన లిఫ్ట్ మెకానిక్ అమ్మాయి పానాతో సహా వెనక్కి తిరిగింది. ఎదురుగా కింది గదిలో పరిశోధన చేసే కుర్రాడు.

"అదేం చేసిందండీ పాపం?"

"అది కదిలితే నేల అదురుతుంది. నేల అదిరితే నా లేజర్ లాక్ ఊడుతుంది. గురువారం పరీక్షకు సార్లు వస్తున్నారు. గంటసేపు లాక్ నిలవకపోతే నా డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కే!"

ఆ లేజర్ రంగు వెంట్రుకవాసి కూడా మారకూడదు. అందుకని దాన్ని రెండు అద్దాల మధ్య దూరానికి కట్టేసి ఉంచాడు; లాక్ అంటే అదే. అద్దాలు అదిరితే ఎర్రదీపం, కుదురుకుంటే మళ్ళీ పచ్చదీపం. ఇవన్నీ ఉన్న బల్లను గాలిదిండ్ల మీద నిలబెట్టారు. దాని మీద చేయి వేసినవాళ్ళకి అతని చేతిలో చీవాట్లే.

ఆమె లిఫ్ట్ ఆపేసి కిందికి వచ్చింది. అతను బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకుంది. ఎర్రదీపం!

"లిఫ్ట్ ఆగిపోయిందిగా, లేజర్ బాబూ?"

"అయితే... మీ బూట్లు!"

బూట్లు విప్పేసింది. పచ్చదీపం వెలిగింది. ఆమె నవ్వింది. మళ్ళీ ఎర్రదీపం.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస," అంటూ లిఫ్ట్ అదురు కొలిచే సెన్సర్ తీసి బల్ల మీద పెట్టింది. ఆమె బయటికి వెళ్తే దాని తెరమీద గీత బుద్ధిగా ఉంది. లోపలికొస్తే గంతులేస్తోంది.

"నేనంటే మీ బల్లకి పడదా ఏంటి?" అంటూ వంగి చూసి పకపకా నవ్వింది. అతని కాలు కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఊగుతోంది. మోకాలు బల్ల అడుగుకి కొట్టుకుంటోంది.

"ఇంటిదొంగని ఈశ్వరుడు పట్టలేడంటారు గానీ, నా సెన్సర్ పట్టేసిందండీ!"

అతను సిగ్గుతో చచ్చిపోతుంటే వాళ్ళమ్మ ఫోన్ చేసింది. చేతులకి గ్లవ్స్ ఉండడంతో స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, పరీక్ష భయానికి కాలు ఊగుతోందే. ఎలా ఆపను?"

"భయానికా? కోతలు కొయ్యకు! భయమేస్తే బిగుసుకుపోతావు. కావాల్సింది కళ్ళెదురుగా ఉండి, అడగడానికి నోరు రాకపోతేనేగా నువ్వు కాలూపేది! చిన్నప్పుడు సైకిల్ షాపు ముందు ఊపలేదూ? ఇంతకీ ఇప్పుడు ఎదురుగా ఎవర్రా?"

అతనికన్నా ముందు ఆమె ఫోన్ మీదికి వంగింది.

"లిఫ్ట్ బాగుచేసే అమ్మాయినండీ, అత్తయ్యగారూ!"

"బంగారుతల్లీ! వాణ్ణి బాసింపట్టు వేయించి కూర్చోబెట్టు. కాలు ఆగుతుంది. నోరు విప్పించడం మాత్రం నీ పని."

గురువారం అతను కుర్చీలో బాసింపట్టు వేసుకునే పరీక్షకు కూర్చున్నాడు. సార్లు వింతగా చూశారు. గంటసేపూ పచ్చదీపమే! వాళ్ళు భుజం తట్టి వెళ్ళాక ఆమె లోపలికి వచ్చింది.

"అయిపోయిందిగా. ఇంక హాయిగా ఊపుకోండి."

అతను కాళ్ళు దించాడు. మోకాలు మొదలెట్టింది. ఎర్రదీపం.

"మీరంటే నాకు ఇష్టమండీ!" అనేశాడు ఒక్క గుక్కలో.

మోకాలు ఠక్కున ఆగింది. ఎర్రదీపం మాత్రం మారలేదు. చూస్తే, బల్లకి ఆనించిన ఆమె చేయి వణుకుతోంది.

"బల్ల మీద చేయి వెయ్యకూడదండీ," అన్నాడు మెల్లగా.

"మరెక్కడ వెయ్యమంటారు?"

అతను గ్లవ్ తీసి చేయి చాపాడు. ఆమె తన చేతిని అందులో పెట్టింది.

పచ్చదీపం వెలిగింది.