ఆకుల్లేని చక్రం

“ఈ బండి ముందుకు పోదు బావా,” అంది దేవకి, పుస్తకం అట్ట మీది బొమ్మ చూస్తూ.

గంగాధరం నవ్వేశాడు. మద్రాసులో బి.ఏ. చదివి, ‘కోస్టారికా ప్రయాణికులకు’ అనే పుస్తకం రాసి, తిరుపతిలో అచ్చుకిచ్చినవాడు. ఐరాల పొలిమేర దాటని మేనమామ కూతురు తప్పు పట్టేలా రాస్తాడా?

“నువ్వు పొయ్యి సూసినావా ఆ దేశం?”

“మూడు ఇంగ్లీషు పుస్తకాలు సదివినా. నిప్పుకొండలు, కాఫీ తోటలు. మే నుంచి నవంబరు దాకా వానలు, గొడుగు లేకుండా పోరాదు. నిరుడు సైన్యాన్నే తీసేసినారు. రైతులు బండ్లకు రంగుల పూలు ఏసుకుంటారు.”

“చక్రానికి పన్నెండాకులు ఏసింది ఎవురు?”

గంగాధరమే వేశాడు. ఇంగ్లీషు పుస్తకం ఫోటోలో చక్రం గుండ్రటి పీటలా నిండుగా ఉంది. ఆకుల్లేని బండి చక్రం ఉంటుందా, ఫోటో సరిగా పడలేదని తేల్చుకుని, ఇరుసు నుంచి అంచు దాకా చక్కగా ఆకుల కర్రలు గీశాడు. బండ్లు చేసే ఇంట్లో పుట్టిన ధీమా మరి.

“ఆర్నెల్లు వానబడే కొండదారిలో ఆకుల మద్దెన బురద ఇరుక్కుంటే ఎద్దులు గుంజుతాయా? అందుకే నిండు చెక్క. వాళ్లకు పని తెలుసు, నీకే తెలీదు.”

గంగాధరం నవ్వు ఆగింది. వడ్రంగి బాడిసె వదిలి కలం పట్టినవాడికి పిల్లనివ్వనని మామ కుప్పయ్యాచారి అనేశాడు. శుక్రవారం వడమాలపేట సంబంధంవాళ్లు వస్తున్నారు.

“బొమ్మ దిద్దు. నువ్వే కనిపెట్టినావని నాయనకు చెప్పు,” అంది దేవకి గొంతు తగ్గించి.

బొమ్మ దిద్దాడు. రెండో మాట మాత్రం వినలేదు.

కుప్పయ్య కొత్త అట్టను చాలాసేపు చూశాడు. “చక్రం బాగుండాదే. ఎవురు చెప్పినారు?”

“నీ కూతురు. నేను ఆకులేసి చెడగొట్టినా మామా.”

కుప్పయ్య మీసం కదిలింది. “ఇంకేం రాసినావు?”

“ఆ బండ్లలో ఇరుసు కాడ ఇనుప కట్టు తగిలి మోగతాదంట. ఒక్కో బండిది ఒక్కో మోత. అది విని, వచ్చేది మనోళ్లేనని ఇంట్లోవాళ్లు తెలుసుకుంటారంట.”

కుప్పయ్య లేచి బండ్లు చేసే కొట్టంలోకి వెళ్లాడు.

శుక్రవారం తిరుపతిలో అలిపిరి దగ్గర, తమ ఇంటి పక్కనున్న అచ్చాఫీసు అరుగు మీద గంగాధరం ప్రూఫులు దిద్దుతున్నాడు. సన్నగా వాన. వడమాలపేటవాళ్లు ఈపాటికి ఐరాల చేరివుంటారు. చదివిన వాక్యాన్నే నాలుగోసారి చదువుతున్నాడు.

గణ్, గణ్, గణ్.

ఎద్దుల మెడ గంటలు కావు. చక్రమే మోగుతోంది. కలం పడేసి వానలోకి ఉరికాడు.

బండి తోలుతున్నది కుప్పయ్య. వెనక గొడుగు కింద దేవకి, ఒళ్లో తాంబూలం పళ్లెం.

“వడమాలపేటోళ్లు?”

“రావద్దని నిన్ననే కబురు పెట్టినా,” అన్నాడు కుప్పయ్య. “మీ అమ్మ ఇంట్లో ఉండాదా?”

“ఉండాది మామా.”

దేవకి గొడుగు కొంచెం పక్కకు జరిపింది. “మోత గుర్తుపట్టినావా బావా?”

“పట్టినా. ఈ బండి ముందుకు పోతాదా?”

“నువ్వెక్కితే పోతాది.”